వంకాయలు వచ్చాయి, నాన్న ఎందుకు రాలేదు?

ప్రశ్న: మాష్టారూ, నమస్కారం. మాది చెన్నై, పెరంబూర్. నా వయసు 41, బ్యాంకులో ఉద్యోగం. రెండున్నరేళ్లుగా శనివారాలు ఆయిల్ పెయింటింగ్ క్లాసుకి వెళ్తున్నాను. మా నాన్న ఇక్కడే రైల్వే వర్క్‌షాపులో 34 ఏళ్లు ఫిట్టర్‌గా చేశారు. ఆయన పోయి తొమ్మిది నెలలైంది. సంవత్సరీకం నాటికి నాన్న బొమ్మ నువ్వే వేసి పెట్టాలక్కా అని తమ్ముడు అడిగాడు. స్టూడియోలో పెద్దది చేయించిన ఫోటో చూసి మూడుసార్లు వేశాను. పోలిక వచ్చింది. తమ్ముడు బాగుందన్నాడు. అమ్మ ఒక్క నిమిషం చూసి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. నిజం చెప్పాలంటే నాకూ అందులో నాన్న కనబడటం లేదు. మనసుకి దగ్గరైన విషయాన్ని ఎంచుకుంటేనే బొమ్మకి ప్రాణం వస్తుందని మా క్లాసు సార్ ఎప్పుడూ అంటారు. నాన్నకంటే నాకు దగ్గరైనది ఏముంది? అదే నెలలో క్లాసులో ప్రాక్టీసు కోసం నాలుగు వంకాయలు వేశాను. నేనసలు వంకాయ కూర తినను. సార్ దాన్ని గోడకి తగిలించారు, వచ్చినవాళ్లు దాని ముందు ఆగి చూస్తున్నారు. వంకాయల మీద ఉన్నంత ప్రేమ నాకు నాన్న మీద లేదా? ఈ ఆలోచనతో నిద్ర పట్టటం లేదు. రెండు బొమ్మల ఫోటోలూ పంపుతున్నాను.

జవాబు: అమ్మా, ముందు మీ చివరి ప్రశ్న సంగతి తేల్చేస్తాను. మీ ప్రేమలో ఏ లోపమూ లేదు. ఆ అనుమానాన్ని ఇవాళే వదిలేసి హాయిగా పడుకోండి. బొమ్మ ఎందుకలా వచ్చిందన్నది వేరే సంగతి. దాని గురించి మాట్లాడుకుందాం.

మీరు పంపిన రెండు ఫోటోలనీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. వంకాయల్లో ఎడమ చివర ఉన్న కాయని ఒకసారి మళ్లీ చూసుకోండి. కింద పరిచిన న్యూస్‌పేపర్ తెలుపు దాని పొట్ట మీదికి కొట్టింది. ఆ ముదురు ఊదా మధ్యలో సన్నగా ఒక బూడిదరంగు చార పడింది. ఆ రంగు ఏ ట్యూబులోనూ దొరకదు, మీ కన్ను పట్టుకుంటే మీ చెయ్యి ప్యాలెట్ మీద కలిపింది. ముచ్చిక మీద రెండు ముళ్లు వేశారు. మూడో కాయకి పుచ్చు కన్నం ఉంటే దాచలేదు. వెనకనున్న కాయ అంచు ఎక్కడ అయిపోయిందో, నీడ ఎక్కడ మొదలైందో తెలియకుండా ఒకచోట వదిలేశారు. అది చూసి నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. రెండేళ్లు నేర్చుకున్నవాళ్లు అంచుని అలా వదలడానికి భయపడతారు.

ఇక నాన్నగారి బొమ్మ. కళ్లు, ముక్కు, చెవులు ఎక్కడివక్కడ ఉన్నాయి. గళ్లు గీసుకుని ఎక్కించినట్టున్నారు, కొలతల్లో తప్పేమీ లేదు. కానీ చెంప మొత్తం ఒకటే రంగు. కనుబొమల కింద నీడ లేదు, గడ్డం కింద నీడ లేదు, నుదుటి మీద ఒక్క ముడత లేదు. 34 ఏళ్లు ఇనుముతో పనిచేసిన మనిషి నుదురు అలా ఉంటుందా? పైగా ఆ కోటు, ఆ టై. మీ నాన్నగారు జన్మలో ఎప్పుడైనా కోటు వేసుకున్నారా?

వేసుకుని ఉండరనే నా నమ్మకం. పాస్‌పోర్టు ఫోటో ఇచ్చి పెద్దది చేయమంటే స్టూడియోల్లో జరిగేది ఇదే. ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసిన ఫోటోలో నీడలు సగానికి సగం పోతాయి. మొహంలో ఎత్తుపల్లాలు మనకి తెలిసేదే నీడల వల్ల. మిగిలిన ఆ కాస్తనీ కంప్యూటర్లో నున్నగా చేస్తారు, ఒంటి రంగు ఒక మెట్టు తెల్లబరుస్తారు, వెనక నీలం పెడతారు, చొక్కా తీసేసి కోటు తగిలిస్తారు. పోయినవాళ్లకి మర్యాదగా ఉండాలని చేసే పని అది, నేను తప్పుపట్టను. కానీ మీరు మూడుసార్లు వేసింది ఆ ఫోటోని. నాన్నగారు ఆ ఫోటోలోనే లేరు, ఇంక మీ బొమ్మలోకి ఎలా వస్తారు? మీ అమ్మగారు వంటింట్లోకి వెళ్లిపోవడానికి కారణం కూడా అదే అయ్యుంటుంది. అన్నేళ్లు కాపురం చేసిన ఆవిడకి ఆ కోటు మనిషి ఎవరో తెలిసి ఉండదు.

మీ సార్ చెప్పిన మాట గురించి. మనసుకి దగ్గరైనదే వెయ్యమనడం మంచి సలహానే, నేనూ నా దగ్గరికొచ్చే పిల్లలకి అదే చెబుతాను. అయితే ఆ మాటని అక్కడితో ఆపేస్తే మీలాంటివాళ్లకి ఇబ్బంది. బాగా దగ్గరైన మనిషిని మనం చూడటం మానేస్తాం. రోజూ ఎదురుగా తిరిగే నాన్న చెవి ఎలా ఉంటుందో అడిగితే ఎంతమంది చెప్పగలరు? ఆయన ఉన్నారన్న ధీమాతో చూడకుండానే ఏళ్లు గడిపేస్తాం. వంకాయలు అలా కాదు. మీకవి ఏమీ కావు, అందుకని రెండు మూడు గంటలు కన్నార్పకుండా చూశారు. ఆ చూపు దగ్గరే వాటితో మీకు చుట్టరికం కలిసింది. గోడ దగ్గర ఆగుతున్నవాళ్లకి తెలుస్తున్నది అదే.

దీనికి భయం కూడా తోడైంది. వంకాయ తప్పొస్తే పోయేదేం లేదు, చెరిపేసి మళ్లీ వేస్తారు. నాన్న తప్పొస్తే? ఆ టెన్షన్‌తో చెయ్యి బిగుసుకుంటుంది. పెద్ద కుంచె పక్కన పెట్టి సన్నకుంచె తీసుకుంటాం, ఒకే చోట రుద్దిందే రుద్దుతాం, ఎక్కడా ఏ అంచునీ వదలం. మీ మూడో బొమ్మలో పెదవుల చుట్టూ రంగు అలా రుద్ది రుద్ది మసకైపోయింది. అది మీ ప్రేమే. కాకపోతే అది కుంచెని కదలనివ్వలేదు.

ఫోటోతో ఈ పేచీ చాలామంది పడ్డారు. డచ్ చిత్రకారుడు వాన్ గో 1888 అక్టోబరులో ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో ఉండి, హాలెండ్‌లో ఉన్న వాళ్లమ్మ బొమ్మ వేశాడు. చేతిలో ఉన్నదల్లా ఒక బ్లాక్ అండ్ వైట్ ఫోటో. ఆ రంగులేని ఫోటోని చూడలేకపోతున్నానని, తన జ్ఞాపకంలో అమ్మ ఎలా ఉందో ఆ రంగుల్లో వేసుకుంటున్నానని తమ్ముడు థియోకి ఉత్తరం రాశాడు. వెనకంతా ఆకుపచ్చ, మొహంలోనూ ఆ పచ్చ ఛాయే. ఫోటోలో ఆ రంగు ఎక్కడిది?

ఆయనదే అంతకు మూడేళ్ల కిందటి సంగతి ఒకటి మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. 1885 మార్చిలో వాళ్ల నాన్న హఠాత్తుగా చనిపోయాడు. ఆయన చర్చి పాస్టర్. తండ్రికీ కొడుక్కీ చాలా విషయాల్లో పడేది కాదు. ఆ ఏడు అక్టోబరులో వాన్ గో నాన్న మొహం జోలికి పోకుండా నాన్న పెద్ద బైబిల్ని బల్ల మీద తెరిచి పెట్టుకున్నాడు. పక్కన ఆరిపోయిన కొవ్వొత్తి. ముందు, తను చదువుకునే పసుపు అట్ట నవల ఒకటి, అంచులు నలిగిపోయి. ఒక్కరోజులో వేసేశాడు. ఆ బొమ్మ ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఉంది. అందులో నాన్న కనబడడు, కానీ ఆ ఇద్దరి మధ్య ఉన్నదంతా ఆ బల్ల మీదే ఉంది.

అంత దూరం కూడా అక్కర్లేదు. పెరంబూర్ నుంచి ఎగ్మోర్ ఎంతసేపు! అక్కడి ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి పలకలున్నాయి, ఎప్పుడైనా చూశారా? మన కృష్ణ ఒడ్డున రెండువేల ఏళ్ల కిందటి శిల్పులు చెక్కిన పాలరాయి లాంటి రాయి. తర్వాతి పలకల్లో బుద్ధుడు మనిషి రూపంలోనే వస్తాడు. కానీ పాత పద్ధతిలో చెక్కిన వాటిలో ఆయన ఉండడు. ఖాళీ ఆసనం ఉంటుంది, కింద పాదాల గుర్తులుంటాయి, వెనక బోధివృక్షం. చుట్టూ జనం చేతులు జోడించి వంగి ఉంటారు. పెరియమేట్‌లో ఆర్ట్ కాలేజీలో చదివే రోజుల్లో మేం అక్కడికి నడిచి వెళ్లి స్కెచ్‌లు వేసుకునేవాళ్లం. నాకు ఆ వంగిన వీపులంటే ప్రాణం. ఆసనం మీద ఎవరో కూర్చున్నారని ఆ వీపులే చెబుతాయి. పెన్సిలూ పుస్తకమూ తీసుకుని వెళ్లండి. శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచే ఉంటుంది.

నా సొంత విషయం ఒకటి చెప్పాలి. మా అన్నయ్య నా ముప్ఫై రెండో ఏట పోయాడు. నేను చిత్రకారుణ్ణి కదా, అన్నయ్య బొమ్మ వేసి వదినకి ఇవ్వాలని ఎంతో ప్రయత్నించాను. మీలాగే ఫోటో పెట్టుకున్నాను. కుదరలేదు. కాన్వాసు గోడకి తిప్పి పెట్టేశాను, ఆరేళ్లు అలాగే ఉంది. ఒకరోజు బేసిన్ బ్రిడ్జి స్టేషన్లో ట్రైను కోసం నుంచున్నాను. ప్లాట్‌ఫారం చివర ఎవరో పెద్దాయన అటు తిరిగి నిలబడ్డాడు. బరువంతా ఎడమకాలి మీద వేసి, కుడి మోకాలు కాస్త వంచి, రెండు చేతులూ వెనక్కి పెట్టి, ఒక చేత్తో రెండో మణికట్టు పట్టుకుని. మా అన్నయ్య అచ్చంగా అలాగే నిలబడేవాడు! ముప్ఫై ఏళ్లు చూశాను, అయినా ఆ మనిషి నిలబడేదాకా అది నాకు తెలుసని నాకే తెలియదు. ఇంటికొచ్చి చార్‌కోల్ తీసుకుని పది నిమిషాల్లో వెనకనుంచి గీశాను. మొహం లేదు. వదిన చూసి, "బస్సు కోసం నుంచున్నారు కదూ" అంది. ఆ కాగితం ఇప్పటికీ వాళ్లింట్లోనే ఉంది.

పోలిక అనగానే మనం మొహం అనుకుంటాం. కానీ ఇంట్లోవాళ్లని అడుగుల చప్పుడుతో, భుజాల వాలుతో, తలుపు తీసే తీరుతో గుర్తుపడతాం. ఆడపిల్లగా మీరు నాన్నగారిని ఎటువైపు నుంచి ఎక్కువ చూశారు? సైకిల్ వెనక కూర్చుని వెళ్లి ఉంటే, మీకు బాగా తెలిసింది ఆయన వీపు. చొక్కా కాలరు లోపలి అంచు చిరిగి ఉండేదా? మెడ మీద చెమట ఎలా పట్టేది? ఇవి నేను ఊహించి అడుగుతున్నవి. జవాబులు మీ దగ్గరే ఉన్నాయి.

కాబట్టి ముందుగా స్టూడియో ఫోటోని మీరు బొమ్మలు వేసుకునే గదిలోంచి తీసేయండి. హాల్లోనే ఉండనివ్వండి, దండ వెయ్యడానికి అది చాలు. తర్వాత ఒక నోటుపుస్తకంలో నాన్నగారి గురించి మీ కళ్లతో చూసినవి మాత్రమే రాయండి. మంచివారు, కష్టజీవి, పిల్లలంటే ప్రాణం, ఇలాంటివి ఇప్పుడు వద్దు, వాటికి రంగు వెయ్యలేం. కాఫీ డబరాలో తిరగ్గొట్టుకునేవారా, టంబ్లర్‌తోనే తాగేవారా? వేడిగా ఉంటే తువ్వాలు చెంగుతో పట్టుకునేవారా? డ్యూటీ నుంచి రాగానే గ్రీజు పోవడానికి చేతులు దేనితో కడుక్కునేవారు? కడిగాక కూడా గోళ్ల సందుల్లో నలుపు ఉండిపోయేదా? పేపరు చదివేటప్పుడు కళ్లద్దాలు ముక్కు మీదికి జారితే వేలితో ఎగదోసేవారా, తల వెనక్కి వంచేవారా? మీకు గుర్తులేనివి అమ్మగారిని అడగండి. బొమ్మ సంగతి ఎత్తకండి. కూరగాయలు తరిగేటప్పుడు పక్కన కూర్చుని ఊరికే అడగండి. ఆవిడ మాటలతో చెప్పరు, చేసి చూపిస్తారు. అప్పుడు ఆవిడ చేతుల్ని చూడండి.

అలా పోగైన వాటిని అరచేతంత కాగితాల మీద, మెత్తటి పెన్సిల్‌తోనో చార్‌కోల్‌తోనో గీయండి. ఒక్కోదానికి పది నిమిషాలకి మించకూడదు. రబ్బరు ముట్టుకోకండి. ఇరవై, ముప్ఫై గీస్తే వాటిలో ఒకటో రెండో మిమ్మల్ని ఆపుతాయి. చాలా వాటికి మొహం ఉండదు. ఉండక్కర్లేదు.

ఆయన వస్తువులు ఏవైనా మిగిలాయా? కళ్లద్దాలు, టిఫిన్ క్యారియర్, పాత స్పానర్, చెప్పులు, ఏదైనా. వాటిలో ఒకటి తీసుకుని ఆయన కూర్చునే చోటే, ఆయన కూర్చునే వేళకే పెట్టండి. సాయంత్రం అయిదున్నరకి కిటికీలోంచి వచ్చే వెలుగు వేరు, ట్యూబ్‌లైట్ వేరు. వంకాయల్ని ఎలా చూశారో దాన్నీ అలాగే చూడండి. స్పానర్ నోటి దగ్గర అరిగి ఇనుము మెరుస్తూ ఉంటుంది, పట్టుకునే చోట మాత్రం నల్లగా, నున్నగా ఉంటుంది. ఆ నునుపు ఆయన అరచేయి చేసింది. ఆ నలుపుకి బ్లాక్ ట్యూబు వాడకండి, అల్ట్రామెరీన్ బ్లూలో బర్న్ట్ అంబర్ కలిపి చూడండి. పక్కన దీపం పెట్టకండి. దండ వద్దు, వెనకాల సూర్యాస్తమయం అసలే వద్దు. మనసు కరగాలని మనం తెచ్చిపెట్టే ఇలాంటి సరంజామా వస్తువుని మింగేస్తుంది. చాలా మంచి బొమ్మలు దానివల్ల పాడవడం చూశాను.

ఇంకో మాట చెప్పకపోతే మీరు మళ్లీ నిద్ర పోగొట్టుకుంటారు. ఇలా వేస్తూ వేస్తూ ఒకచోట మీరు నాన్నని మరిచిపోతారు. ఈ నీలం ఎక్కువైందా, ఈ అంచు గట్టిపడిందా అన్నదే బుర్రలో ఉంటుంది. తర్వాత సిగ్గేస్తుంది. ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మొనే భార్య కమీల్ 1879లో చనిపోయింది. మంచం మీద ఉన్న ఆవిడని ఆయన బొమ్మ వేశాడు. ప్రాణంలా చూసుకున్న మొహం మీద మృత్యువు తెచ్చిన నీలాన్ని, పసుపుని, బూడిదరంగుని తన కళ్లు వాటంతటవే వెతుక్కుంటున్నాయని గమనించి భయపడ్డానని, చాలా ఏళ్ల తర్వాత స్నేహితుడు క్లెమెన్సోతో చెప్పుకున్నాడు. ఆ బొమ్మ చూస్తే ఆయనకి ప్రేమ లేదని ఎవరూ అనలేరు. తెల్లటి, నీలి గీతల మధ్య ఆ మొహం మునిగిపోతున్నట్టు ఉంటుంది. రంగు గురించి ఆలోచిస్తున్నంతసేపూ మీరు నాన్నగారి దగ్గరే ఉన్నారని అనుకోండి.

మొహం వేయాలనే ఉంటే, దానికీ దారి ఉంది. పెళ్లిళ్లలో తీసిన గ్రూప్ ఫోటోలు వెతకండి. పక్కనుంచి వెలుగు పడి, ఆయన ఇంకెవరినో చూస్తూ ఉన్నది దొరికితే అది స్టూడియో ఫోటోకన్నా పదిరెట్లు మేలు. ఫోన్లో వీడియోలు ఉంటే ఇంకా మంచిది, తల తిప్పేటప్పుడు దవడ ఎముక ఎలా కదులుతుందో తెలుస్తుంది. అన్నిటికన్నా, మీ తమ్ముడు ఉన్నాడు కదా. నాన్నగారి నుదురో, ముక్కో, చెవులో అతనికి వచ్చే ఉంటాయి. ఆదివారం పూట కిటికీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టండి. కదలకుండా గంటసేపు కూర్చోవడం కష్టం కాబట్టి మాట్లాడుతూ ఉండమనండి, నాన్న గురించే మాట్లాడతాడు. ఎముకల కట్టు తమ్ముడిది తీసుకోండి, పైన పడే వయసు, అలసట మీకు గుర్తున్నవి వెయ్యండి. బొమ్మ అడిగింది అతనే కాబట్టి ఈ కూర్చోవడం అతని వంతు.

సంవత్సరీకం తేదీని మాత్రం బొమ్మకి కట్టిపెట్టకండి. ఆ రోజు పీట మీద స్టూడియో ఫోటోనే పెట్టండి, పెద్దలకీ పురోహితుడికీ అది సరిపోతుంది. జర్మనీలో కేథె కోల్విట్జ్ అనే కళాకారిణి ఉండేది. ఆవిడ చిన్న కొడుకు పీటర్ 1914 అక్టోబరులో, పద్దెనిమిదేళ్ల వయసులో యుద్ధంలో చనిపోయాడు. కొడుకుకి స్మారకం చెయ్యాలని వెంటనే మొదలుపెట్టింది. పడుకున్న కొడుకు, తలదగ్గర తండ్రి, పాదాల దగ్గర తల్లి, ఇదీ మొదటి ఆలోచన. మధ్యలో ఆపేసింది, మళ్లీ ఎత్తుకుంది. చివరికి 1932లో బెల్జియంలో వాడి సమాధి ఉన్న శ్మశానంలో పెట్టిన విగ్రహాల్లో కొడుకు లేడు. మోకాళ్ల మీద ఒక తండ్రి, ఒక తల్లి, విడివిడిగా. తండ్రి చేతులు రెండూ తన ఒంటికి గట్టిగా చుట్టుకుని ఉంటాడు, తల్లి ముందుకి వంగిపోయి ఉంటుంది. పద్దెనిమిదేళ్లు పట్టింది ఆవిడకి. మీరు తొమ్మిది నెలల్లో మూడుసార్లు వేశారు. మిమ్మల్ని మీరు అంత తొందరపెట్టకండి.

ఆ మూడు బొమ్మల్నీ పారేయొద్దు. తమ్ముడికి నచ్చింది కదా, ఒకటి అతనికి ఇవ్వండి. కొలతలు పట్టడం వాటితోనే వచ్చింది మీకు.

వంకాయల బొమ్మని అమ్మగారికి చూపించారా? ఉత్తరంలో రాయలేదు. క్లాసు గోడ మీదనుంచి ఒక వారం అడిగి తెచ్చి, వంటింట్లో వెలుతురు ఉన్న చోట పెట్టండి. ఆ పుచ్చు కాయని చూసి ఆవిడ ఏమంటారో నాకు రాయండి.